చదువుకు చేయూత

పాఠ్యభాగ ఉద్దేశం: తీవ్రమైన వైకల్యం గల విద్యార్థి ఉన్నత విద్య ఎవరి ఖర్చుతో, ఏ చట్టాల నీడలో సాగుతున్నదో అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కళాశాలలో ప్రవేశం పొందడం ఒక ఎత్తు, ఆ కళాశాలకు ప్రతి ఉదయం చేరగలగడం మరొక ఎత్తు. కాళ్ళు చేతులు స్వాధీనంలో లేని విద్యార్థికి తొమ్మిది గంటలకు తరగతి ఉంటే, ఆరు గంటలకే ఎవరో ఒకరు వచ్చి పడక మీది నుండి లేపాలి. స్నానం చేయించాలి, దుస్తులు తొడగాలి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాలి, అల్పాహారం నోటికి అందించాలి. పగటివేళ మలమూత్ర విసర్జనకు తోడు కావాలి. రాత్రి పడుకోబెట్టడంతో పని ముగియదు. ఒకే ప్రక్కన ఉండిపోతే ఒంటికి పుండ్లు పడతాయి కనుక నడిరేయి లేచి అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి. ఇంటివద్ద ఉన్నంతకాలం ఈ చాకిరీ సాధారణంగా తల్లి చేస్తుంది. దానికి ఎవరూ వెలకట్టరు. బిడ్డ చదువుకోసం ఊరు విడిచిన నాడు గాని దాని వెల ఎంతో తెలియదు.

ఈ పనులు జీతానికి చేసే వ్యక్తిని అమెరికాలో పర్సనల్ అటెండెంట్ అంటారు. తెలుగులో వ్యక్తిగత సహాయకుడు అనవచ్చు. గంటల లెక్కన జీతం ఇవ్వాలి. రోజుకు ఎనిమిది, పది గంటల సహాయం అవసరమైన విద్యార్థికి ఏడాది మొత్తం మీద ఆ ఖర్చు కళాశాల రుసుమును కూడా మించిపోవచ్చు. మధ్యతరగతి కుటుంబం మోయగల భారం కాదది. మరి ఎవరు మోస్తున్నారు? దీనికి అమెరికా ఇచ్చిన సమాధానం కొంత విచిత్రమైనది. విద్యాశాఖ కాదు, విశ్వవిద్యాలయం కాదు, మెడికెయిడ్ అనే పేదల ఆరోగ్య బీమా పథకం మోస్తున్నది. జబ్బు చేసినవారికి మందులిప్పించడానికి పుట్టిన పథకం చేతికి చదువుకొనేవారి తాళంచెవి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే, ఆ పథకం పుట్టడానికి ముందే కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయత్నాన్ని పరిశీలించాలి.

ఎడ్ రాబర్ట్స్ 1939లో జన్మించాడు. పద్నాలుగవ ఏట, 1953లో, పోలియో సోకి మెడ నుండి క్రిందికి శరీరం చచ్చుబడిపోయింది. ఒక చేతి రెండు వేళ్ళు, కొన్ని కాలివేళ్ళు మాత్రమే కదిలేవి. రాత్రివేళ ఐరన్ లంగ్ అనే లోహపు గొట్టంలో తల మాత్రం బయట ఉంచి పడుకొనేవాడు. ఆ యంత్రమే ఆయనచేత ఊపిరి పీల్పించేది. పగటివేళ గాలిని గుక్కలు గుక్కలుగా మింగే పద్ధతి నేర్చుకొని కొన్ని గంటలు యంత్రం లేకుండా గడిపేవాడు. ఉన్నత పాఠశాల చదువు చాలావరకు టెలిఫోను ద్వారానే సాగింది. చివరకు యోగ్యతాపత్రం ఇచ్చే సమయానికి, కారు నడపడం, వ్యాయామం అనే రెండు పాఠ్యాంశాలు పూర్తి చేయలేదు కనుక ఇవ్వలేమని అధికారులు అడ్డుపడ్డారు! తల్లి జోనా పాఠశాల పాలకమండలితో పోరాడి దానిని సాధించింది.

శాన్ మెటియో కళాశాలలో చదివిన తరువాత రాబర్ట్స్ దృష్టి బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద పడింది. అక్కడి రాజనీతిశాస్త్ర శాఖకు మంచి పేరుండేది. చదువు ఖర్చుకోసం రాష్ట్ర పునరావాస శాఖను ఆశ్రయించగా, ఇంత తీవ్రమైన వైకల్యం ఉన్న వ్యక్తి ఎన్నటికీ ఉద్యోగం చేయలేడు, కనుక ఆయన మీద ఖర్చు వ్యర్థమని ఆ శాఖ తేల్చింది. విషయం పత్రికలకెక్కిన తరువాత గాని నిర్ణయం మారలేదు. విశ్వవిద్యాలయానికి మరొక చిక్కు వచ్చిపడింది. సుమారు ఎనిమిది వందల పౌన్ల బరువున్న ఐరన్ లంగ్‌ను ఏ వసతిగృహంలోనూ ఉంచే వీలులేదు. విద్యార్థుల ఆరోగ్యకేంద్రానికి అధిపతిగా ఉన్న డాక్టర్ హెన్రీ బ్రుయిన్ ఒక దారి చూపాడు. విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్న కోవెల్ ఆసుపత్రిలో ఒక గదిని వసతిగృహంగా వాడుకోవచ్చునన్నాడు. అలా 1962లో రాబర్ట్స్ బర్కిలీ విద్యార్థి అయ్యాడు. నల్లజాతి యువకుడు జేమ్స్ మెరిడిత్ సైనికుల రక్షణలో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినది కూడా ఆ సంవత్సరమే.

ఆసుపత్రి గదిలో ఉన్నా రాబర్ట్స్ రోగి కాడు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. మొదట్లో తమ్ముడు రాన్ తోడుండి సహాయపడ్డాడు. తరువాత సహాయకుల జీతానికి రాష్ట్రంలో అప్పటికే ఉన్న ఒక పథకం అక్కరకు వచ్చింది. సమాఖ్య ప్రభుత్వం 1950లో సామాజిక భద్రతా చట్టానికి చేసిన సవరణ వలన పూర్తి వైకల్యం గల పేదలకు నెలసరి సహాయం లభించేది. కాలిఫోర్నియా దానిలో సహాయకుల ఖర్చును కూడా చేర్చింది. ఆ డబ్బుతో ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏ వేళకు రమ్మనాలి, పని నచ్చకపోతే ఎవరిని మాన్పించాలి అనే నిర్ణయాలు రాబర్ట్స్ చేతిలోనే ఉండేవి. ఆసుపత్రిలో అయితే నర్సు వచ్చినప్పుడే రోగి నిద్ర లేవాలి. ఇక్కడ విద్యార్థి లేవదలచిన వేళకే సహాయకుడు వచ్చేవాడు. చూడటానికి చిన్న విషయంగానే కనిపిస్తుంది, కాని చదువంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది.

మరుసటి ఏడాది జాన్ హెస్లర్ అనే మరొక విద్యార్థి వచ్చి చేరాడు. కొన్నేళ్ళలో కోవెల్ ఆసుపత్రి మూడవ అంతస్తులో పన్నెండుమంది దాకా పోగయ్యారు. వారు తమకు తాము ‘రోలింగ్ క్వాడ్స్’ అని పేరు పెట్టుకొన్నారు. 1970లో సమాఖ్య నిధులతో విశ్వవిద్యాలయంలోనే వికలాంగ విద్యార్థుల సేవాకార్యక్రమం మొదలుపెట్టారు. సహాయకులను వెదకి పెట్టడం, చెడిపోయిన చక్రాల కుర్చీలను బాగుచేయడం దానిలో ప్రధానమైన పనులు. 1972లో పట్టణవాసులందరికోసం స్వతంత్ర జీవన కేంద్రం వెలసింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే గవర్నరు జెర్రీ బ్రౌన్, ఒకప్పుడు రాబర్ట్స్‌ను పనికిరానివాడన్న ఆ పునరావాస శాఖకే ఆయనను అధిపతిగా నియమించాడు. 1995లో మరణించేనాటికి ఆయన పేరు ఎన్నో దేశాల్లోని వికలాంగులకు తెలిసింది.

రాబర్ట్స్ బర్కిలీలో చదువుతున్న రోజుల్లోనే అమెరికా ఆరోగ్య వ్యవస్థలో పెద్ద మార్పు వచ్చింది. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ అనే రెండు పథకాలకు సంబంధించిన చట్టం మీద సంతకం చేశాడు. పేర్లు దగ్గరగా ఉండడం వలన తికమక కలుగుతుంది. మెడికేర్ ప్రధానంగా వృద్ధులది. పూర్తిగా సమాఖ్య ప్రభుత్వం నడుపుతుంది. మెడికెయిడ్ పేదలది. దీని ఖర్చును సమాఖ్య ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం పంచుకొంటాయి. సంపన్న రాష్ట్రమైతే సమాఖ్య వాటా 50 శాతం. మిసిసిపీ వంటి పేద రాష్ట్రానికి 75 శాతానికి పైగా లభిస్తుంది. ముఖ్య నియమాలు సమాఖ్య ప్రభుత్వానివి, మిగిలిన ఎంపికలు రాష్ట్రాలవి. అందుచేత పేరుకు పథకం ఒకటే అయినా యాభై రాష్ట్రాల్లో అది యాభై విధాలుగా ఉంటుంది. నేడు దాదాపు ఏడు కోట్లమంది దాని నీడలో ఉన్నారు.

కాళ్ళు చేతులు కదలని వ్యక్తికి దీర్ఘకాలం పాటు రోజువారీ సహాయం అందించే బీమా అమెరికాలో ఇదొక్కటే అనవచ్చు. మెడికేర్ అటువంటి సహాయానికి చెల్లించదు. ప్రైవేటు బీమా సంస్థలు సాధారణంగా చెల్లించవు. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం వలన యువతీయువకులు ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల బీమాలో కొనసాగవచ్చు. ఆ బీమా శస్త్రచికిత్సకు పనికివస్తుంది గాని ఉదయం ఆరు గంటలకు తలుపు తట్టే సహాయకుడిని పంపదు.

కళాశాల బాధ్యత ఏమిటన్న ప్రశ్న ఇక్కడ సహజంగా కలుగుతుంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ నిబంధన, సమాఖ్య నిధులు పొందే ఏ సంస్థా వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని శాసించింది. దాని అమలు నియమాలు నాలుగేళ్ళు వెలువడలేదు. 1977 ఏప్రిల్‌లో జూడిత్ హ్యూమన్, కిటీ కోన్ తదితరుల నాయకత్వంలో వందమందికి పైగా వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సమాఖ్య కార్యాలయ భవనంలో మూడు వారాలకు మించి బైఠాయించారు. వారిలో అనేకులు తమ సహాయకులను, మందులను, కొందరు నిద్రపోవడానికి వీలైన పడకను కూడా వదులుకొని అక్కడ ఉన్నారు. ఆ నెల 28న నియమాలపై సంతకమైంది. వాటి ఫలితంగా కళాశాలలు వాలుబాటలు కట్టాయి, పరీక్షకు అదనపు సమయం ఇచ్చాయి, బధిరులకు సంజ్ఞాభాషా అనువాదకులను ఏర్పాటు చేశాయి. అయితే ఆ నియమాల్లోనే ఒక వాక్యం ఉన్నది. వ్యక్తిగత సహాయకులను సమకూర్చవలసిన బాధ్యత కళాశాలకు లేదని అది స్పష్టంగా చెబుతుంది. అంటే తరగతి గది వాకిలి నుండి లోపలికి కళాశాల బాధ్యత. పడక నుండి ఆ వాకిలి దాకా విద్యార్థి బాధ్యత. ఉన్నత పాఠశాలలో పరిస్థితి ఇట్లా ఉండదు. 1975 నాటి చట్టం ప్రకారం అక్కడ పిల్లవాడికి కావలసిన సహాయకుడిని పాఠశాలే ఏర్పాటు చేయాలి. పద్దెనిమిదేళ్ళ వయసులో పాఠశాల వదిలిన మరునాటి నుండి ఆ ఏర్పాటు ఉండదు.

ఆ ఖాళీని పూరించవలసిన మెడికెయిడ్ కూడా మొదటినుండి ఒక వంకరతో పుట్టింది. నర్సింగ్ హోమ్ అంటే తెలుగునాట చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. అమెరికాలో ఆ మాటకు వృద్ధులను, దీర్ఘరోగులను సంవత్సరాల తరబడి ఉంచే నివాసమని అర్థం. అర్హత గల వయోజనులకు నర్సింగ్ హోమ్ ఖర్చును ప్రతి రాష్ట్రమూ తప్పనిసరిగా భరించాలని చట్టం చెప్పింది. ఇంటివద్ద ఇచ్చే వ్యక్తిగత సహాయాన్ని మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. ఇరవై ఏళ్ళ యువకుడు నర్సింగ్ హోమ్‌లో పడి ఉంటానంటే ప్రభుత్వం చెల్లిస్తుంది. కళాశాల వసతిగృహంలో ఉండి చదువుకొంటానంటే చెల్లించకపోవచ్చు. ఇంతకంటె తలక్రిందులైన ఏర్పాటును ఊహించడం కష్టం.

ఈ వంకరను దేశమంతటికీ తెలియజెప్పినది ఒక పసిపాప. అయోవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్‌కు నెలల వయసులో మెదడువాపు వ్యాధి సోకింది. శ్వాసయంత్రం మీద ఆధారపడి మూడేళ్ళ వయసు దాకా ఆసుపత్రిలోనే పెరిగింది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం మెడికెయిడ్ ఖర్చు భరించింది. ఇంటికి తీసుకొనిపోతే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి సహాయం ఆగిపోతుంది. ఇంటివద్ద అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చులో ఆరవ వంతేనని అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ 1981 నవంబరులో విలేఖరుల సమావేశంలో స్వయంగా ప్రస్తావించాడు. పాప ఇంటికి చేరింది. అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, సంస్థల్లో ఉంచడానికి బదులుగా ఇంటివద్దనే సేవలందించే పథకాలను రాష్ట్రాలు పెట్టుకోవడానికి వీలు కల్పించింది. సాధారణ నియమాల నుండి మినహాయింపు ఇస్తుంది కనుక వీటికి వేవర్ అని పేరు. కేటీ బెకెట్ పెరిగి పెద్దదై తన ఊరి సమీపంలోని మౌంట్ మెర్సీ కళాశాలలో పట్టం పుచ్చుకొన్నది. వికలాంగుల హక్కుల గురించి ప్రసంగించింది, రచనలు చేసింది, 2012లో కన్నుమూసింది.

తరువాత 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఓమ్‌స్టెడ్ కేసులో తీర్పు చెబుతూ, సమాజంలో జీవించగల వికలాంగులను అనవసరంగా సంస్థల్లో నిర్బంధించడం వివక్షే అవుతుందని ప్రకటించింది. జార్జియా రాష్ట్రానికి చెందిన లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్ అనే ఇద్దరు స్త్రీలు తెచ్చిన వ్యాజ్యమది. చట్టం మొగ్గు అప్పటినుండి ఇంటివైపు తిరిగింది. అయినా కళాశాల విద్యార్థి దారిలో మూడు అడ్డంకులు మిగిలాయి.

వాటిలో మొదటిది వయసు. ఇరవై ఒక్క సంవత్సరాలలోపు వారికి వైద్యరీత్యా అవసరమైన సేవలన్నింటినీ మెడికెయిడ్ అందించాలన్న నియమం ఉన్నది. ఆ వయసు దాటగానే రాష్ట్రం ఐచ్ఛికంగా ఇచ్చే సేవలే మిగులుతాయి. పట్టా చదువులో మూడవ ఏడో నాలుగవ ఏడో సాగుతుండగా పుట్టినరోజు వస్తుంది. దానితోపాటు సహాయకుని గంటలు తగ్గించినట్లు ఉత్తరం కూడా రావచ్చు.

రాష్ట్ర సరిహద్దు అంతకంటె కఠినమైనది. వేవర్ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. సహాయకులకు పొరుగు రాష్ట్రంలో జీతం చెల్లించడానికి చాలా రాష్ట్రాలు అంగీకరించవు. కొత్త రాష్ట్రంలో నివాసం ఏర్పరచుకొని దరఖాస్తు చేసుకొందామంటే అక్కడ వరుసలో చివర నిలబడాలి. వేవర్లకు రాష్ట్రాలు పరిమితి విధించుకోవచ్చు. 2024లో దేశం మొత్తం మీద ఏడు లక్షలకు పైగా ప్రజలు ఈ నిరీక్షణ జాబితాల్లో ఉన్నారు. కొన్ని రాష్ట్రాల్లో నిరీక్షణ ఏళ్ళ తరబడి సాగుతుంది. పట్టా చదువేమో నాలుగేళ్ళది. ఈ కారణంగా ఎంత ప్రతిభ ఉన్నా తీవ్ర వైకల్యం గల విద్యార్థి తన రాష్ట్రంలోని కళాశాలతో తృప్తిపడవలసి వస్తున్నది. తోటి విద్యార్థి కళాశాల పేరు చూసి ఎంచుకొంటే, ఆ విద్యార్థి పటం మీద గీత చూసి ఎంచుకోవాలి.

ఇక మిగిలినది పేదరికపు నియమం. ఇది పేదల పథకం కనుక ప్రవేశించాలన్నా నిలవాలన్నా పేదగానే ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కించరు. అది మేలే. అయితే చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌కు ద్వారంగా ఉన్న వికలాంగ భృతి నియమం ప్రకారం ఒంటరి వ్యక్తి వద్ద 2,000 డాలర్లకు మించి నిల్వ ఉండరాదు. ఈ పరిమితి 1989 నుండి మారలేదు. ఈ మూడు దశాబ్దాల్లో ధరలు ఎంత పెరిగాయో చెప్పనక్కరలేదు. ఉపకారవేతనంలో బోధన రుసుముకు పోయే భాగాన్ని ఆదాయంగా లెక్కించరు. భోజన వసతులకు కేటాయించిన భాగం మాత్రం లెక్కలోకి రావచ్చు. మంచి మార్కులు తెచ్చుకొని ఎక్కువ ఉపకారవేతనం గెలుచుకొన్న విద్యార్థి సంతోషించడానికి ముందు కాగితాలు ముందేసుకొని కూర్చోవలసిన పరిస్థితి ఇది. 2014లో వచ్చిన ఏబుల్ చట్టం దీనికి కొంత ఉపశమనం. ఆ చట్టం కింద తెరచిన ప్రత్యేక ఖాతాలో లక్ష డాలర్ల దాకా దాచుకొన్నా భృతికి భంగం రాదు. ఇరవై ఆరేళ్ళలోపు వైకల్యం ఏర్పడినవారికే మొదట ఈ వీలుండేది. 2026 జనవరి నుండి ఆ వయసు నలభై ఆరుకు పెరిగింది.

నిధులున్నా చేతులు దొరకడం వేరే సమస్య. గృహ సహాయకుల మధ్యస్థ వేతనం 2023లో గంటకు పదహారు డాలర్లు, ఆ పైన కొద్ది సెంట్లు మాత్రమే. ఆ జీతానికి తెల్లవారుజామున వచ్చేవారు త్వరగా మానేస్తారు. సహాయకుడు రాని రోజు ఆ విద్యార్థికి సెలవు దినం కాదు, పడక మీదనే గడిచే దినం. ఏజెన్సీ పంపే సహాయకుడి పనివేళ రాత్రి తొమ్మిదికి ముగిస్తే విద్యార్థి తొమ్మిదికే పడుకోవాలి. గ్రంథాలయం అర్ధరాత్రి దాకా తెరచి ఉన్నా ప్రయోజనం లేదు. అందుకే సహాయకుడిని తానే ఎంచుకొని తానే వేళలు నిర్ణయించే పద్ధతిని విద్యార్థులు కోరుకొంటారు. చాలా రాష్ట్రాలు దీనిని అనుమతిస్తున్నాయి. కోవెల్ ఆసుపత్రి మూడవ అంతస్తులో అరవయ్యేళ్ళ క్రితం నడచినది ఇదే పద్ధతి. తోటి విద్యార్థులే గంటల జీతానికి సహాయకులుగా కుదరడం ఇప్పటికీ సాధారణం.

ఐచ్ఛిక సేవ అన్న మాటకు గల బరువు డబ్బుకు కటకట ఏర్పడినప్పుడు తెలుస్తుంది. 2025 జూలై 4న సంతకమైన సమాఖ్య చట్టం రానున్న పదేళ్ళలో మెడికెయిడ్ మీద సమాఖ్య వ్యయాన్ని 90 వేల కోట్ల డాలర్లకు మించి తగ్గిస్తుందని అంచనా. కొన్ని వర్గాల వయోజనులు నెలకు ఎనభై గంటలు పనిచేయాలన్న షరతు కూడా దానిలో ఉన్నది. వికలాంగులకు ఆ షరతు నుండి మినహాయింపు ఉన్నది. అయితే ప్రమాదం అక్కడ కాదు. వాటా తగ్గిన రాష్ట్రం ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి. నర్సింగ్ హోమ్ తప్పనిసరి సేవ కనుక దాని జోలికి పోలేదు. కత్తెర చేతికి అందేది ఇంటివద్ద ఇచ్చే సహాయమే. 2008 తరువాతి ఆర్థికమాంద్యం కాలంలో అనేక రాష్ట్రాలు సరిగ్గా అక్కడే గంటలు కోశాయి.

ప్రతి వసంతకాలంలోను అమెరికా కళాశాలల నుండి ప్రవేశపత్రాలు ఇళ్ళకు చేరతాయి. మే నెల మొదటి తేదీలోపు ఏదో ఒక కళాశాలకు అంగీకారం తెలపడం అక్కడి ఆనవాయితీ. చాలామంది విద్యార్థులు ఆ రోజుల్లో కళాశాల చూడబోతారు, రుసుములు పోల్చుకొంటారు. చక్రాల కుర్చీలోని విద్యార్థి మాత్రం ముందుగా రాష్ట్ర మెడికెయిడ్ కార్యాలయానికి ఫోను చేయాలి. ఈ గంటలు వసతిగృహానికి వర్తిస్తాయా, సరిహద్దు దాటితే వర్తిస్తాయా, ఇరవై ఒకటవ ఏట ఎన్ని మిగులుతాయి అని అడగాలి. సమాధానం మే ఒకటికి ముందు రావాలి.